డిగ్రీ చేతికొచ్చింది, "నీకేం పని వచ్చు" అంటే చెప్పలేకపోయా. మూడు నెలల్లో ఏం నేర్చుకోవాలి?

చీమకుర్తి బీకాం | ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి పక్కన పల్లె. మా నాన్న గెలాక్సీ గ్రానైట్ క్వారీలో పనిచేస్తాడు. నేను ఒంగోల్లో బీకాం కంప్యూటర్స్ చేశా. ఈ ఏడాదే అయిపోయింది, బ్యాక్‌లాగ్స్ ఏం లేవు.

మొన్న శుక్రవారం ఒంగోల్లోనే ఒక ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. లోపల ఇద్దరున్నారు. నీ గురించి చెప్పు అన్నారు, బట్టీ పట్టింది గడగడా చెప్పేశా. తర్వాత పెద్దాయన నా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టు చేతిలోకి తీసుకుని, "ఆర్నెల్లు అకౌంట్స్ చేశావు గదా, పొద్దున ఆఫీసుకి పోగానే మొదట ఏ పని పట్టుకునేవాడివి?" అని అడిగాడు.

నిజం చెప్తున్నా, ఆ సర్టిఫికెట్టు మా క్లాసులో పదకొండు మందిమి తలా 1,800 వేసుకుని తెప్పించుకున్నది. ఆ ఆఫీసు ఎక్కడుందో కూడా నాకు తెలీదు. చెమటలు పట్టినయ్. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ పేరు గుర్తొచ్చి "ట్యాలీ సార్" అన్నా. "ట్యాలీలో ఏం చేసేవాడివి?" అన్నాడు. ఇంక మాట రాలా. ఆయన తిట్టలా, కోప్పడలా. కాగితాలన్నీ సర్ది కవర్లో పెట్టి నా చేతికిచ్చి "వెళ్లిరా నాన్నా" అన్నాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెవుల్లో తిరిగింది.

ఇంట్లో మూడు నెలలు టైమిచ్చారు. ఆ తర్వాత క్వారీలో లారీల లోడింగు కాడికి వచ్చెయ్యమంటున్నాడు నాన్న. స్పోకెన్ ఇంగ్లీషుకి ఒకచోట 6,000 అడిగారు, ట్యాలీ జీఎస్టీ కలిపి 7,000, పైథాన్ 18,000. మా దగ్గర ఒక్కదానికే డబ్బులున్నాయి. ఏది చేరమంటారు?

ట్రంకు రోడ్డు | ఆదివారం, రాత్రి 9.40

తమ్ముడూ, ఇంకేం ఆలోచించకుండా ఇంగ్లీషులో చేరు. మాది నెల్లూరు, చెన్నైలో పదేళ్లుగా బీపీఓలో చేస్తున్నా. నాతో చదివినోళ్లలో సబ్జెక్టు నాకన్నా బాగా వచ్చినోళ్లు ఉన్నారు. ఇంటర్వ్యూలో రెండు వాక్యాలు కలిపి మాట్లాడలేక ఊళ్లోనే ఆగిపోయారు. ట్యాలీ ఎవరైనా పదిహేను రోజుల్లో నేర్పిస్తారు. భాష అట్టా రాదు.

ఇందుకూరుపేట ల్యాబ్ అక్క | ఆదివారం, రాత్రి 10.25

ట్రంకు రోడ్డు అన్నా, ఇంగ్లీషు వద్దని నేననను. కానీ ఈ పిల్లోడు ఇంగ్లీషు రాక ఆగలా. తెలుగులో అడిగితే తెలుగులో చెప్పలేకపోయాడు. చెప్పడానికి లోపల చేసిన పనంటూ ఏదీ లేదు కాబట్టి.

నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చేసి మా మండలంలోనే ఆక్వా ల్యాబ్‌లో చేరా. తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు కొత్త పిలకాయల్ని నేనే చూసి తీసుకుంటున్నా. వచ్చినోళ్లకి నేను పెట్టే పరీక్ష ఒకటే. రొయ్యల గుంటలో నీళ్లు పట్టిన సీసా ఒకటి చేతికిచ్చి, "రైతు బయట కూర్చోనున్నాడు, ఇది చూసి రిపోర్టు రాయి" అంటా. చాలామంది సీసా తీసుకుని నేరుగా లోపలికి పోతారు. పోయినేడు ఒక అమ్మాయి మాత్రం సీసా పట్టుకుని బయటికి పోయింది. "పెదనాన్నా, ఈ నీళ్లు ఎన్ని గంటలకి పట్టారు? ఏ గట్టు కాడ పట్టారు?" అని అడిగి, సీసా మీద స్కెచ్‌పెన్నుతో టైం రాసుకుని అప్పుడు లోపలికొచ్చింది.

అది ఎందుకంత ముఖ్యమో చెప్తా. ఎండెక్కే కొద్దీ గుంటలో నాచు నీళ్లలో బొగ్గుపులుసు గాలిని పీల్చుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. తెల్లారుజామున పట్టిన నీళ్లకీ మధ్యాహ్నం రెండింటికి పట్టిన నీళ్లకీ అందుకే పొంతన ఉండదు. అమ్మోనియా అంతే ఉన్నా పీహెచ్ పెరిగితే రొయ్యకి విషం పెరుగుతుంది. టైం తెలీకుండా రాసిన అంకెతో రైతు ఏం చేసుకుంటాడు? ఆ అమ్మాయికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ రోజే చేర్చుకున్నా.

ఇంకోటి. టీసీబీఎస్ ప్లేటు, అంటే విబ్రియో బ్యాక్టీరియాని పెంచి చూసే ప్లేటు మీద పచ్చ కాలనీలు, పసుపు కాలనీలు లెక్కపెట్టాలి మేము. ప్లేటు చెయ్యి జారి పాడైందనుకో, "అక్కా, ఇది పోయింది, మళ్లీ వెయ్యాలి, రేపటిదాకా రిపోర్టు రాదు" అని వచ్చి చెప్పేవాళ్లు నాకు కావాలి. అందాజాగా ఒక అంకె వేసి ఇచ్చేవాళ్లు వద్దు. ఆ అంకె నమ్ముకునే రైతు గుంటలో రొయ్యల్ని పట్టెయ్యాలా, ఇంకో పది రోజులు ఉంచాలా అని తేల్చుకునేది. లక్షల సరుకు.

కర్నూలు రోడ్డు ఆఫీసు | సోమవారం, ఉదయం 7.50

నేను ఒంగోల్లో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. చీమకుర్తి తమ్ముడు వెళ్లింది మా ఆఫీసుకి కాదు, కానీ అదే ప్రశ్న మేమూ అడుగుతాం.

"పొద్దున మొదట ఏ పని పట్టుకునేవాడివి" అంటే, పని చేసినవాడు చెప్పే జవాబు ఒక్కటే. "సార్, అది తేదీని బట్టి." 7వ తేదీలోపు టీడీఎస్, అంటే చెల్లింపుల్లో ముందే పట్టుకున్న ఆదాయపు పన్ను కట్టాలి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకి 11కి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను. 14న 2బీ, అంటే కొనుగోళ్ల మీద తగ్గించుకోగల పన్ను జాబితా వస్తుంది. 20కి 3బీ, అంటే పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను. మా నెలంతా ఈ నాలుగు తేదీల చుట్టూ తిరుగుతుంది. ఏ రోజు ఏ పనికి తొందరో తెలిసినవాడిని చూడగానే వీడు ఆఫీసులో కూర్చున్నవాడే అని తెలిసిపోతుంది.

తర్వాత నేను ఎదురుగా బిల్లులు పెడతాను. జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రానివి. మనది 37, తెలంగాణది 36, తమిళనాడుది 33. ఆ తర్వాత పది అక్షరాలూ వాళ్ల పాన్ నంబరు. మన జిల్లాల వ్యాపారులు సగం సరుకు చెన్నై నుంచే తెస్తారు. 33తో మొదలయ్యే బిల్లు, సరుకు ఒంగోలుకే వచ్చింది, కానీ పన్ను మాత్రం ఒకే రాష్ట్రంలో అమ్మినట్టు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు ముక్కలుగా వేసి ఉంది అనుకోండి. అక్కడ చెయ్యి ఆగాలి. రాష్ట్రం దాటిన సరుకుకి వేసే ఐజీఎస్టీ ఉండాల్సిన చోట ఇదేంటి అని అనుమానం రావాలి. కంప్యూటరు మనం కొట్టింది కొట్టినట్టు తీసుకుంటుంది. అనుమానం మనకే రావాలి.

ట్యాలీకి ఏడు వేలు పెట్టబోయే ముందు ఒకమాట. ట్యాలీ ఎడ్యుకేషన్ మోడ్‌లో డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి, నేర్చుకునేవాడికి అది చాలు. మీ ఊళ్లో కిరాణా కొట్టాయన్ని అడిగి ఒక నెల బిల్లులు తెచ్చుకుని, అన్నీ 1వ తేదీ వేసి కొట్టుకుంటూ పో. చివర్న నగదు నిల్వ ఆయన గల్లాపెట్టెతో కలవదు. ఎందుకు కలవలేదో వెతుకు. ఏ కోర్సులోనైనా చివరికి నేర్పాల్సింది ఆ వెతకడమే.

చీమకుర్తి బీకాం | సోమవారం, మధ్యాహ్నం 1.15

సార్, చాలా థ్యాంక్స్. జీఎస్టీ నంబరులో రాష్ట్రం కోడు ఉంటుందని మూడేళ్లలో ఎవరూ చెప్పలా, నేనూ అడగలా. 2బీ అంటే పరీక్షలో రాశా గానీ, దాన్ని పెట్టుకుని ఆఫీసులో ఏం చేస్తారో చెప్తారా?

కర్నూలు రోడ్డు ఆఫీసు | సోమవారం, రాత్రి 9.05

చెబుతాను. మన పార్టీ, అంటే మన దగ్గర లెక్కలు రాయించుకునే వ్యాపారి, సరుకు కొన్నాడు, పన్ను కట్టాడు. ఆ పన్నుని తన పన్నులో తగ్గించుకోవాలంటే, అమ్మినవాడు ఆ బిల్లు తన జీఎస్టీఆర్-1లో ఎక్కించి ఉండాలి. ఎక్కిస్తేనే మన 2బీలో కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ నెలకి మన పార్టీ జేబులోంచి కట్టుకోవాలి. అందుకని 14న 2బీ దించుకుని, మన కొనుగోళ్ల రిజిస్టరు పక్కన పెట్టి, బిల్లు బిల్లుకీ కలుపుతాం. ఎక్సెల్లో రెండు జాబితాలు పోల్చే వీలుకప్ ఫార్ములా వేస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది, కలవనివి పది పన్నెండు మిగులుతాయి.

అసలు పని అక్కడ మొదలవుతుంది. అమ్మినవాడికి ఫోను చెయ్యాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ఇక్కడే ఆగిపోతున్నారు. వాట్సాప్‌లో "సర్ బిల్ నాట్ షోయింగ్" అని ఒక ముక్క పంపి, నీలం టిక్కులు రాలేదని సాయంత్రం దాకా కూర్చుంటారు. సాయంత్రం నేను అడిగితే "మెసేజ్ పెట్టా సార్" అంటారు. మెసేజ్ పెట్టడం పని కాదు గదా నాన్నా, బిల్లు రావడం పని.

పోయిన నెల మా దగ్గర ఒక అమ్మాయి చేసిన ఫోను నేను పక్కనే ఉండి విన్నాను. "నమస్తే సార్, ఒంగోలు నుంచి, ఫలానా ఏజెన్సీ వాళ్ల ఆడిటర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. రెండు నిమిషాలు వీలవుతుందా? పోయిన నెల 14వ తేదీ మీ 212 నంబరు బిల్లు, 46,000 ది, మా 2బీలో రాలేదు. 211, 213 వచ్చాయి. మధ్యలో అదొక్కటే జారినట్టుంది, చూస్తారా? సాయంత్రం నాలుగింటికి మళ్లీ చెయ్యనా?" అంతే. ఎవరు, ఎందుకు, ఏ బిల్లు, ఎప్పటికి, అన్నీ వచ్చేశాయి. 211, 213 వచ్చాయని చెప్పడంతో అవతలివాడికి వెతుక్కునే పని కూడా తప్పింది. నాలుగింటికి నిజంగానే మళ్లీ చేసింది. తెలుగులోనే మాట్లాడింది. ఆ అమ్మాయిని వదులుకోవడం మా సార్‌కి ఇష్టం లేదు, జీతం పెంచారు.

కందుకూరు అధ్యాపకుడు | సోమవారం, రాత్రి 10.30

ఈ చర్చ చదువుతుంటే బాధగా ఉంది, ఎందుకంటే ఇందులో నా వంతు కూడా ఉంది.

తెలియనివారి కోసం చెబుతాను. 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు ఉన్నత విద్యామండలి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం బయట పనిలో. కాగితం మీద చూస్తే మన పల్లె పిల్లలకి ఇంతకన్నా మంచి అవకాశం లేదు. ఇంజనీరింగు పిల్లలకి కూడా ఇంత లేదేమో అనిపించేది నాకు.

జరిగింది వేరు. మా కాలేజీలో నాకు అరవై నాలుగు మందిని అప్పగించారు. వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో వెళ్లి చూడాలి. మొదటి ఏడాది నేను మూడు చోట్లకే వెళ్లగలిగాను. మిగతా వాళ్ల డైరీల్లో సంతకాలు పెట్టాను. ఒకే చేతిరాతతో ఐదు డైరీలు వచ్చాయి, అవీ సంతకం పెట్టాను. పిల్లల్ని ఫెయిల్ చేయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ చీమకుర్తి బాబు రాసింది చదివాక తెలిసింది, ఆ సంతకంతో వాళ్లకి మేలు చేయలేదని.

కిందటేడు ఒక పని చేశాను. కమ్యూనిటీ ప్రాజెక్టులో ఇంటింటి సర్వేకి పంపేముందు వాళ్లనే ప్రశ్నలు తయారు చేయమన్నాను. ఒక అమ్మాయి "మీ నెలసరి ఆదాయం ఎంత" అని రాసుకుని వెళ్లింది. మొదటి పది ఇళ్లలో ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. కూలి పనికి వెళ్లేవాళ్లకి నెల జీతం ఎక్కడుంటుంది? పదకొండో ఇంటికి ఆ పిల్ల ప్రశ్న మార్చేసింది. "అత్తా, మొన్న పొగాకు గ్రేడింగుకి ఎన్ని రోజులు పోయావు? రోజుకి ఎంతిచ్చారు? మిరపకాయ కోతకి ఎన్నాళ్లు పోయావు?" అని పనుల వారీగా అడిగింది. జవాబులు గడగడా వచ్చాయి. తిరిగొచ్చి నాకు చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. ఆ తర్వాత క్లాసులో లేచి మాట్లాడటానికి ఎప్పుడూ జంకలేదు.

దర్శి నుంచి | మంగళవారం, ఉదయం 11.20

అధ్యాపకుడు గారూ, మీరు నిజాయితీగా రాశారు, సంతోషం. కానీ మా బాధ కూడా వినండి. దర్శిలో, పొదిలిలో, కనిగిరిలో డిగ్రీ పిలకాయలు వందల్లో ఉన్నారు. ఇంటర్న్‌షిప్ ఇచ్చే ఆఫీసులు ఎక్కడున్నాయి? నేను నాలుగు చోట్ల అడిగా. ఒకాయన "మా దగ్గర కుర్చీ లేదబ్బాయ్" అన్నాడు. హైదరాబాదు పోయి రూముకి, తిండికి ఎనిమిది వేలు పెట్టుకుని ఊరికే పనిచేసే స్తోమతు మాకు లేదు. కొనుక్కున్నోడిదే తప్పు అన్నట్టు మాట్లాడొద్దు.

కందుకూరు అధ్యాపకుడు | మంగళవారం, మధ్యాహ్నం 2.10

నీ మాటలో న్యాయముంది బాబూ. పిల్లలకి చోటు వెతకడం కాలేజీ పని, దాన్ని మేం పిల్లల నెత్తిన వేశాం.

కానీ ఆఫీసు అంటే ఏసీ గది అనే అనుకోకండి. దర్శిలో ఎరువుల కొట్లు ఎన్ని లేవు? 2018 నుంచి సబ్సిడీ ఎరువులు మిషన్ మీద ఆధారో ఇంకో గుర్తింపు కార్డో కొట్టే అమ్మాలి. మిషన్లో చూపించే బస్తాలూ గోడౌన్లో బస్తాలూ సరిపోవాలి. సీజన్లో కొట్టు నిండా జనం, సర్వరు రాదు, బస్తాలు ముందు ఇచ్చేసి తర్వాత కొడతారు, లెక్క తప్పుతుంది. ఆ లెక్క రోజూ సాయంత్రం కలిపిపెట్టే కుర్రాడు దొరికితే ఏ కొట్టాయనా వద్దనడు. కుర్చీ లేకపోతే బస్తా మీద కూర్చుందువు. ఆర్నెల్లు చేస్తే "నేను రోజుకి రెండు వందల బస్తాల స్టాకు కలిపాను, తేడా వస్తే ఇట్టా పట్టుకున్నాను" అని ఎక్కడైనా చెప్పుకోవచ్చు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు, సహకార బ్యాంకులు, రొయ్యల మేత డీలర్లు, అందరికీ లెక్కలున్నాయి, అందరి లెక్కలూ సగం కాగితం మీదే ఉన్నాయి.

తడ షిఫ్టు | మంగళవారం, రాత్రి 11.45

బీ షిఫ్టు దిగి ఇప్పుడే చూశా ఇదంతా. మాది నాయుడుపేట దగ్గర, శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్ని. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయినయ్ గానీ, మా లైన్లో సగం మంది నెల్లూరు పిలకాయలే.

మా దగ్గరికి డిగ్రీ, డిప్లొమా వాళ్లు వస్తారు. జపాను పద్ధతి ఫైవ్ ఎస్ అదీ ఇదీ మొదటివారంలోనే నేర్పిస్తాం, దాంతో ఇబ్బంది లేదు. నేను చూసేది షిఫ్టు మారేటప్పుడు పుస్తకంలో రాసేది. ఒకడు "మిషన్ ప్రాబ్లం" అని రాసి వెళ్లిపోతాడు. ఏ మిషను, ఏం ప్రాబ్లం, ఎప్పటి నుంచి? తర్వాత షిఫ్టు వాడు గంటసేపు వెతుక్కుంటాడు. ఇంకొకడు రాస్తాడు, "3వ స్టేషను, స్క్రూ బిగించే గన్ను 9.20 నుంచి మధ్యమధ్యలో ఆగుతోంది. గాలి పైపు మార్చి చూశాం, తగ్గలా. మెయింటెనెన్సుకి 9.45కి చెప్పాం, రేపు పొద్దున వస్తామన్నారు. అప్పటిదాకా 4వ స్టేషను గన్ను వాడండి." నాలుగు వాక్యాలు. వాడు తెలుగులోనే రాశాడు, నేను పక్కన ఇంగ్లీషులో వేసుకున్నా. ఏడాది తిరక్కుండా వాణ్ణి టీమ్ లీడర్ని చేశారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొత్త పిలకాయలు నాలుగు రోజులు చేసి ఐదోరోజు ఫోను ఆపేసి ఇంటికి పోతారు. కష్టంగా ఉంటే వచ్చి చెప్పండయ్యా. నిలబడి చేసే పని, కాళ్లు నొప్పి పుడతాయి, మొదటి పదిహేను రోజులు ఎవరికైనా అంతే. చెప్తే వేరే స్టేషనుకి మారుస్తాం. చెప్పకుండా పోతే నీ తర్వాత మీ ఊరు నుంచి వచ్చేవాణ్ణి కూడా నమ్మరు.

చీమకుర్తి తమ్ముడికీ దర్శి తమ్ముడికీ ఒక విషయం. అప్రెంటిస్‌షిప్ అని ఒకటుంది, 1961 నాటి చట్టం. డిగ్రీ అయినోళ్లు కేంద్ర ప్రభుత్వం నడిపే నాట్స్ పోర్టల్లో రిజిస్టరు చేసుకుంటే ఏడాది పాటు కంపెనీలో పెట్టుకుంటారు. 2019 నిబంధనల్లో డిగ్రీ వాళ్లకి నెలకి కనీసం 9,000 స్టైపెండు అని పెట్టారు. అందులో సగం ప్రభుత్వం భరిస్తుంది కాబట్టి కంపెనీలకీ బరువుండదు. మన వైపుది చెన్నైలో ఉండే దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. ఎవరికీ రూపాయి కట్టక్కర్లా. మధ్యలో ఎవడైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు.

కావలి బీఎస్సీ | బుధవారం, సాయంత్రం 6.30

తడ అన్నా, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ మా నాన్న శ్రీసిటీ అంటేనే ఒప్పుకోడు. షిఫ్టులు, హాస్టలు అనేసరికి మా అమ్మ ఏడుస్తుంది. నాకు ఫిజిక్స్‌లో మంచి మార్కులున్నాయి. ఇంట్లోనే కూర్చుని ఏం నేర్చుకోను?

ఇందుకూరుపేట ల్యాబ్ అక్క | బుధవారం, రాత్రి 8.50

చెల్లీ, మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. నేను చేసింది చెప్తా. చేరకముందు మా నాన్నని ల్యాబ్‌కి తీసుకుపోయా. ఆయన గంటసేపు కూర్చుని, ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో చూశాడు. మేడమ్‌తో మాట్లాడాడు. ఇంటికొచ్చి ఏమీ అనలా, మర్నాడు తనే దించాడు. అమ్మానాన్నలకి తెలీని చోటంటే భయం. చూపిస్తే సగం తగ్గుతుంది. ఆ మాట వాళ్లతో అరవకుండా, ఏడవకుండా మాట్లాడి ఒప్పించడం కూడా నీకు ఉద్యోగంలో పనికొచ్చేదే, నేనైతే అట్టానే అనుకుంటా.

కావలి నుంచి నెల్లూరు రోజూ పోయిరావొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు గదా, ఖర్చు మాటెత్తితే ఆ జవాబు చెప్పు. ఈలోగా ఇంట్లో చేసుకోవాలంటే స్వయం, ఎన్‌పీటెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సైట్లలో పాఠాలన్నీ ఊరికే వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. కానీ ఇంట్లోనే ఉండిపోవాలని మాత్రం తీర్మానం చేసుకోవద్దు.

ట్రంకు రోడ్డు | బుధవారం, రాత్రి 10.10

అందరివీ చదివా. నేను మొదట రాసింది తొందరపడి రాశా. పని లేకుండా భాష నేర్చుకుంటే ఏం మాట్లాడాలో తెలీదు, ఒప్పుకుంటున్నా. అయినా ఇంగ్లీషుని వదిలెయ్యొద్దు. జీఎస్టీ నోటీసు ఇంగ్లీషులో వస్తుంది, మెయిల్ ఇంగ్లీషులో వస్తుంది, చెన్నై పార్టీతో ఇంగ్లీషులోనో అరవంలోనో మాట్లాడాలి.

నేను నేర్చుకున్న తీరు చెప్తా, పైసా ఖర్చు లేదు. రోజూ రాత్రి ఆ రోజు చేసిన ఒక పని గురించి ఐదు చిన్న వాక్యాలు ఇంగ్లీషులో రాసేవాణ్ణి. పెద్ద పదాలు లేకుండా. ఎవరు, ఏం చేశారు, ఏం మిగిలింది. రాసినదాన్ని ఫోనులో రికార్డు చేసి వినేవాణ్ణి. మొదటి నెల నా గొంతు నాకే నచ్చలా. మూడో నెలకి మెయిల్ రాయడానికి చెయ్యి ఆగేది కాదు. తమ్ముడూ, ఆ ఆరు వేలు దాచుకో.

చీమకుర్తి బీకాం | గురువారం, రాత్రి 9.30

ఒక సాయం కావాలి. రెజ్యూమె మళ్లీ రాస్తున్నా. కొన్న సర్టిఫికెట్టు తీసేశా. తీసేస్తే ఏం మిగల్లా. "హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్" అని ఉన్నాయంతే.

కర్నూలు రోడ్డు ఆఫీసు | గురువారం, రాత్రి 9.48

ఆ మూడూ కూడా తీసెయ్. తీసేసింది మంచి పని. ఎవరైనా అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు.

ఇప్పుడు చెప్పు, సెలవుల్లో ఏం చేసేవాడివి?

చీమకుర్తి బీకాం | గురువారం, రాత్రి 10.02

ఏం లేదు సార్. నాన్న వెంట క్వారీకి పోయేవాణ్ణి. లారీకెక్కించే ముందు బ్లాకుల కొలతలు నేను రాసేవాణ్ణి. మేస్త్రి టేపు పట్టి చెప్తే పొడుగు, వెడల్పు, ఎత్తు రాసుకుని ఘనపు మీటర్లు కట్టి, పగుళ్లకీ మూలలకీ తగ్గించి నికర కొలత వేసేది. బ్లాకు మీద పెయింటుతో వేసిన నంబరూ పుస్తకంలో నంబరూ ఒకటేనా కాదా చూసుకునేది. కొనడానికొచ్చినాయన మూలల కాడ ఎక్కువ తగ్గించమని గొడవ పెట్టుకునేవాడు. అప్పుడు మళ్లీ కొలిచి చూపించేవాణ్ణి. మూడు వేసవులు చేశా. అది ఉద్యోగం కాదు గదా.

కర్నూలు రోడ్డు ఆఫీసు | గురువారం, రాత్రి 10.09

అదే రాయవయ్యా! పేజీలో అన్నిటికన్నా పైన రాయి. నువ్వు ఇప్పుడు రాసినట్టే, మూడు వేసవులు, కొలత ఎట్టా కట్టావో, నంబర్లు ఎట్టా సరిచూశావో, కొనేవాడితో తేడా వస్తే ఏం చేశావో. మా దగ్గర గ్రానైటు పార్టీలు ఎంతోమంది ఉన్నారు. బిల్లు మీద నికర కొలత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన కుర్రాడు మా ఆఫీసులో ఒక్కడు లేడు. నేను కూడా క్వారీ లోపలికి రెండుసార్లే వెళ్లాను.

తడ షిఫ్టు | గురువారం, రాత్రి 11.58

తమ్ముడూ, "అది ఉద్యోగం కాదు గదా" అని ఇంకెక్కడా అనొద్దు.

చీమకుర్తి బీకాం | 23 రోజుల తర్వాత, శనివారం, రాత్రి 8.20

అందరికీ చెప్పాలని వచ్చా. మా ఊరి కిరాణా కొట్టు ఏప్రిల్ నెల బిల్లులన్నీ కొట్టా. 640 రూపాయలు తేడా వచ్చింది. రెండు రోజులు వెతికా. పాల ప్యాకెట్ల బిల్లు ఒకటి రెండుసార్లు ఎక్కించా, అది కనిపించినప్పుడు ఎంత సంతోషం వేసిందో రాయలేను. కొట్టు బాబాయి మే నెల బిల్లులు కూడా తెచ్చిచ్చాడు, ఈసారి డబ్బులు ఇస్తానన్నాడు, అడగలా నేను.

కొత్త రెజ్యూమెతో మూడు చోట్లకి పోయా. రెండు చోట్ల ఖాళీ లేదన్నారు. మూడోది అద్దంకి బస్టాండు దగ్గర చిన్న అకౌంటెంటు ఆఫీసు, నలుగురు పనిచేస్తారు. ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశావని అడిగారు. చేయలేదు సార్, కాగితం కొన్నా, అందుకే సిగ్గుపడి తీసేశా అని చెప్పా. ఆయన కొంచెంసేపు ఏం మాట్లాడలా. తర్వాత క్వారీ కొలతల గురించి ఇరవై నిమిషాలు అడిగాడు. కాగితం ఇచ్చి ఒక బ్లాకు కొలత కట్టమన్నాడు, కట్టా. మొదటి మూడు నెలలు 6,000 ఇస్తామన్నారు, తర్వాత చూస్తామన్నారు. సోమవారం నుంచి రమ్మన్నారు. సోమవారం 7వ తేదీ.

నాకు ల్యాప్‌టాప్ లేదు. మొదటిరోజు ఏం తీసుకుపోవాలి?

కర్నూలు రోడ్డు ఆఫీసు | శనివారం, రాత్రి 8.41

7వ తేదీ అంటే టీడీఎస్ రోజు, అందరూ హడావుడిగా ఉంటారు, నిన్ను పట్టించుకోలేదని బెంగపడకు. సిస్టం ఆఫీసులో ఉంటుంది. ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, రెండు పెన్నులు, అన్నం క్యారేజీ తీసుకెళ్లు. ఎవరు ఏం చెప్పినా తేదీ వేసి రాసుకో. తొమ్మిదిన్నరకి తెరుస్తారంటే తొమ్మిదింపావుకి అక్కడుండు. చీమకుర్తి బస్సు ఏ టైముకి ఉందో రేపే కనుక్కో.